పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కని గొంతు

తౌనో కోర్పివారా ముప్పయ్యొక్క సంవత్సరాలు తలుపులు లాగి చూశాడు. కైస్లరాంత కాగితం మిల్లు వాళ్ళ ఆరు క్వార్టర్స్ బిల్డింగులకీ అతనే దిక్కు. మెట్ల మీద బల్బు పోయినా, పైపు పగిలినా, ఎవరైనా తాగొచ్చి తాళంచెవి ఎక్కడో పారేసుకున్నా అతని తలుపే తట్టేవారు. తాళం వేశాక హ్యాండిల్ పట్టుకుని రెండుసార్లు లాగి చూడందే అతను మెట్లు దిగేవాడు కాదు. రెండోసారి దేనికని ఎవరైనా అడిగితే భుజాలు ఎగరేసి ఊరుకునేవాడు. వివరించి చెప్పడమన్నది అతని ఒంటికి పడని పని.

చివరి రోజుల్లో మిల్లు వాళ్ళు ఫిర్యాదులన్నీ కంప్యూటర్‌లోనే రావాలన్నారు. అప్పటికి తౌనోకి యాభై ఎనిమిది. తోటివాళ్ళు తిట్టుకుంటూ ముందే రిటైరైపోయారు. అతను మాత్రం అదీ ఒక బాయిలరే అనుకుని, ఏ మీట నొక్కితే ఏం జరుగుతుందో నోటుబుక్కులో రాసుకుంటూ నేర్చుకున్నాడు. తర్వాత మిల్లు మూతపడింది. క్వార్టర్లు ఎవరో కొనుక్కున్నారు. తాళంచెవుల గుత్తి అప్పగించి వచ్చిన రోజు సాయంత్రం దాకా అతను ఖాళీ జేబు తడుముకుంటూనే ఉన్నాడు.

అప్పుడే లైబ్రరీ సైలా వచ్చి అడిగింది. మా లైబ్రరీకి పెద్దా చిన్నా అన్నీ ఆమే. అప్పటికి ఆమెకి నలభై నిండలేదు.

"గురువారం మధ్యాహ్నాలు వచ్చి మనవాళ్ళకి కంప్యూటర్ నేర్పుతారా, తౌనో? జీతం ఇవ్వలేను. కాఫీ, బన్ను మాత్రం ఉంటాయి."

"చూద్దాం," అన్నాడు తౌనో.

మా ఊళ్ళో చూద్దాం అంటే ఒప్పుకున్నట్టే. మరుసటి గురువారం బఠాణీ సూప్ తిని, మూతి తుడుచుకుని, రెండింటికల్లా వచ్చి కూర్చున్నాడు. అది జరిగి తొమ్మిదేళ్ళయింది.

లైబ్రరీలో కంప్యూటర్లు ఐదు. కార్డు నంబరు కొడితే ఒకటి గంటసేపు మనది. గంట అయిపోగానే, లేదా మనమే ముందుగా ముగించేయగానే, మనం అందులో రాసినదీ దింపుకున్నదీ మొత్తం తుడిచేసి, తర్వాత వచ్చేవాడికి ముఖం కడుక్కుని సిద్ధంగా ఉంటుంది. ఒకరి గుట్టు మరొకరి కంట పడకుండా అలా పెట్టారు. కానీ జనం ఊరుకుంటారా? రాసింది తెర మీద కనపడగానే అక్కడే ఉంటుందనుకుని ఇంటికి పోతారు. మర్నాడు వచ్చి, "నిన్న ఇక్కడే పెట్టానండీ," అని ఎవరో ఎత్తుకుపోయినట్టు చూస్తారు. తొమ్మిదేళ్ళలో తౌనో నేర్పిన చదువంతా కలిపి ఈ ఒక్క సంగతే.

నస్రీన్ విషయంలోనూ అదే జరిగింది. హెరాత్ నుంచి వచ్చి రెండేళ్ళయినా మా భాషలో ఒక వాక్యం రాయాలంటే ఆమెకి చెమటలు పట్టేవి. ముసలివాళ్ళ హోమ్‌లో ఉద్యోగానికి దరఖాస్తు గంటసేపు కూర్చుని రాసి, తెర మీద దాచుకుని వెళ్ళింది. మర్నాడు వస్తే ఏమీ లేదు. ఏడవలేదు, ఎవర్నీ అడగలేదు. కోటు విప్పకుండా ఆ ఖాళీ తెర వైపు చూస్తూ కూర్చుంది. తౌనో తన జేబులోంచి ఒక నీలం పెన్‌డ్రైవ్ తీసి ఆమె ముందు పెట్టాడు.

"ఇది నీ జేబు. ఈ కంప్యూటర్ నీ జేబు కాదు, బస్టాండులో బెంచీ. బెంచీ మీద ఏదీ వదిలిపోకు."

"సరే, కాకా," అంది నస్రీన్. పెద్దవాళ్ళని ఒట్టి పేరు పెట్టి పిలవడం ఆమె వల్ల కాలేదు. వాళ్ళ భాషలో బాబాయిలని పిలిచే పిలుపుతోనే అతన్నీ పిలిచింది.

"రాసింది ఇందులో దాచు. దాచాక బయటికి తియ్యి. తీసి మళ్ళీ పెట్టు. పెట్టి, తెరిచి, కళ్ళతో చూడు. అప్పుడు ఇంటికెళ్ళు."

"అన్నిసార్లు ఎందుకు?"

"ఇంటికి తాళం వేశాక లాగి చూడవా?"

అప్పటినుంచి అది లైబ్రరీలో ఊతపదమైపోయింది. ఎవరు లేచి కోటు తొడుక్కుంటున్నా తౌనో తల ఎత్తకుండానే, "లాగి చూశావా?" అనేవాడు. వాళ్ళు తిట్టుకుంటూ మళ్ళీ కూర్చుని, పెన్‌డ్రైవ్ మళ్ళీ గుచ్చి చూసుకునేవారు.

దీన్ని ఎగతాళి చెయ్యడానికే పుట్టినవాడు ఆర్మస్. సరస్సు మీద దుంగల్ని లాగే పడవలు నడిపి రిటైరైన మనిషి. కంప్యూటర్ ముట్టుకోడు. తలుపులు తెరిచింది మొదలు కిటికీ పక్క కుర్చీలో ఊళ్ళో పేపర్లన్నీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడు.

"ఏమయ్యా తౌనో, రేపు దేవుడు నీకు స్వర్గం తలుపు తీశాడనుకో. లోపలికి పోతావా, వెనక్కి తిరిగి ఆ తలుపు లాగి చూస్తావా?"

"తాళం ఎవరిదో చూసి చెప్తాను," అనేవాడు తౌనో.

తౌనో భార్య హిల్కా పోయి ఆరేళ్ళు. బడిలో వంటావిడ. ఆ ఇంట్లో మాటలన్నీ ఆమెవే, వినడం ఇతనిది. అవును అనే మాటని ఆమె ఊపిరి లోపలికి పీలుస్తూ అనేది, చల్లటి నీళ్ళలో కాలు పెట్టినట్టు. ఫొటోలు నాలుగు ఆల్బమ్‌ల నిండా ఉన్నాయి. గొంతు మాత్రం ఎక్కడా లేదు. వీడియో కెమెరా వాళ్ళు కొనలేదు, ఫోన్‌లో దాచుకునే రోజులు వచ్చేసరికి ఆమె మంచాన పడింది. మొదటి రెండేళ్ళు ఆ గొంతు అతని చెవిలో ఉండేది. తర్వాత ఆమె అన్న మాటలు మిగిలాయి గానీ గొంతు పోయింది. అది పోయిందని తెలిసిన రోజు అతను నిజంగా భయపడ్డాడు.

గొంతు సంగతి అలా ఉంచితే, అతని మనసులో అంతకంటే పాత ముల్లు ఒకటుంది. ఇరవయ్యేడేళ్ళ క్రితం ఒక శరత్కాలంలో, మా ప్రాంతం రేడియో వాళ్ళు బడి వంటగదికి వచ్చి హిల్కాతో మాట్లాడారు. మధ్యాహ్నం ఒంటిగంటకి, అక్కడినుంచే నేరుగా ప్రసారం.

"ఒంటిగంటకి రేడియో పెట్టు. నేను మాట్లాడతాను," అని పొద్దున్నే బూట్లు వేసుకుంటూ చెప్పింది.

తౌనో రేడియోని బాయిలర్ గదిలోకి తెచ్చుకుని పెట్టుకున్నాడు కూడా. ఒంటిగంటకి ఇరవై నిమిషాల ముందు రెండో బిల్డింగు మూడో అంతస్తులో పైపు పగిలింది. మూడింటి దాకా అతను చీలమండల లోతు నీళ్ళలో ఉన్నాడు. హిల్కా నాలుగు గంటల బస్సు దిగి ఇంటికొచ్చింది. గుమ్మంలో బూట్లు విప్పుతూ అడిగింది.

"విన్నావా?"

"విన్నాను," అన్నాడు తౌనో.

ఎందుకన్నాడో అతనికే తెలియదు. పొద్దున్న ఆమె ముఖంలో ఉన్న సంబరం గుర్తొచ్చి ఉంటుంది.

"ఎలా ఉంది?"

"బావుంది."

హిల్కా పొయ్యి వైపు చూసింది. కెటిల్ ఖాళీగా ఉంది. అందులో నీళ్ళు పట్టి, కాఫీ పొడి కొలిచి వేసి, పొయ్యి మీద పెట్టింది. ఇంకేమీ అడగలేదు. గండం గడిచిందనుకున్నాడు తౌనో. ఆ తర్వాత కూడా ఆమె ఆ రేడియో ఊసెత్తలేదు. అతనికి తెలిసి ఆమెతో ఆడిన అబద్ధం అదొక్కటే. నిజం చెప్పేద్దామని ఎన్నోసార్లు అనుకున్నాడు. ఆస్పత్రిలో చివరి వారం కూడా నోటిదాకా వచ్చింది, నర్సు వచ్చి కిటికీ తెర లాగింది, మాట లోపలికే పోయింది.

ఆ రేడియో ఎప్పుడో మూతపడింది. ఈ ఏడాది ఏప్రిల్‌లో పేపర్‌లో చిన్న ప్రకటన వచ్చింది. పాత ఉద్యోగులు కొందరు పాత టేపుల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించారట. కావలసినవాళ్ళు అడిగితే లింకు పంపుతారు, అక్టోబరు ముప్పయ్యొకటి సాయంత్రం నాలుగు దాకా దింపుకోవచ్చు, ఆ తర్వాత అవి ఉంచిన మిషన్‌కి అద్దె కట్టేవాళ్ళు లేరు. తౌనో మే నెలలో అడిగాడు. జూన్‌లో లింకు వచ్చింది. అతనికి ఇంట్లో కంప్యూటర్ లేదు, లైబ్రరీలో కూర్చుని పెన్‌డ్రైవ్‌లోకి దింపుకోవడం పది నిమిషాల పని. వచ్చే వారం, వచ్చే వారం అనుకుంటూ అక్టోబరు ఆఖరు దాకా లాగాడు. భయమేసింది. ఆ గొంతు హిల్కాది కాకుండా పోతుందేమోనని కొంత, హిల్కాదే అవుతుందేమోనని కొంత.

అక్టోబరు ముప్పయ్యొకటి శుక్రవారం వచ్చింది. మర్నాడు శనివారం, పోయినవాళ్ళ సమాధుల మీద దీపాలు పెట్టే రోజు. తౌనో ఒక లెక్క వేసుకున్నాడు. శుక్రవారం దింపుకుని, సాయంత్రం ఇంట్లో టీవీకి పెన్‌డ్రైవ్ గుచ్చి ఒంటరిగా వినాలి. శనివారం హిల్కా దగ్గర దీపం పెట్టి, ఆ రోజు వినలేదు, ఇప్పుడు విన్నాను అని చెప్పెయ్యాలి. అంతే. అతనికి ఆ ఏడాది ఇంకే కోరికా లేదు.

రెండున్నరకి మూడో నంబరు కంప్యూటర్ ముందు కూర్చుని కార్డు నంబరు కొట్టాడు. పెన్‌డ్రైవ్ గుచ్చాడు. యాభై నిమిషాల పాటు ఆ లింకు వైపు చూస్తూ కూర్చున్నాడు. గంటలో ఇంక పది నిమిషాలే మిగిలాయని తెర హెచ్చరించాక నొక్కాడు. ఫైలు దిగింది. నాలుగు నిమిషాల పద్నాలుగు సెకన్లు. సరైనదో కాదో ఒక్క ముక్క విని, ఆ తర్వాత పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిద్దామనుకున్నాడు. లైబ్రరీ హెడ్‌ఫోన్లు తలకి తగిలించుకున్నాడు. బాయిలర్ల పుణ్యమా అని అతని చెవులు సగమే పనిచేస్తాయి. ఏమీ వినపడక శబ్దం పెంచాడు, ఇంకా పెంచాడు, చివరిదాకా పెంచాడు. అప్పుడు వినపడింది.

హెడ్‌ఫోన్ల తీగ బల్ల కింద వేలాడుతోంది. దాన్ని కంప్యూటర్‌కి గుచ్చడం అతను మర్చిపోయాడు.

"రోజుకి ఎన్ని పళ్ళేలు వడ్డిస్తారు?" అని రేడియో అబ్బాయి లైబ్రరీ మొత్తానికి వినపడేలా అడిగాడు.

"రెండు వందల అరవై. గురువారమైతే ఇంకో ముప్పై వేసుకో. బఠాణీ సూప్ రోజు టీచర్లు కూడా రెండోసారి వరసలో నిలబడతారు, పిల్లల వెనక దాక్కుని."

హిల్కా నవ్వింది. ఊపిరి లోపలికి పీలుస్తూ అవును అంది. తౌనో రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని కదలకుండా విన్నాడు. చెంచాల చప్పుడు గురించి, గంజి అడుగంటితే ఏం చెయ్యాలో, క్యారెట్ తినని ఒక పిల్లాడి గురించి ఆమె చెప్పుకుపోయింది. మూడు నిమిషాలయింది. అప్పుడు ఆ అబ్బాయి, "రేడియో వింటున్న మీ ఇంట్లోవాళ్ళకి ఏమైనా చెప్తారా?" అని అడిగాడు.

తౌనో హెడ్‌ఫోన్లు లాగి పడేసి, చెవులు రెండు చేతులతో మూసుకుని లేచిపోయాడు. తను వినని మాట, విన్నానని బొంకిన మాట అదే. నలుగురిలో కూర్చుని దాన్ని వినే ధైర్యం అతనికి లేదు. బాత్‌రూమ్‌లోకి పోయి, తలుపు గడియ పెట్టుకుని, కొళాయి తిప్పి నిలబడ్డాడు.

వెనక మూడో నంబరు గొంతెత్తి మాట్లాడుతూనే ఉంది. ఆర్మస్ చేతిలో పేపరు ఒళ్ళోకి జారింది. ఐదో నంబరు దగ్గర నస్రీన్ పెన్ను పట్టుకుని తల తిప్పింది. సైలా చేతుల నిండా పుస్తకాలతో నడవలో నిలబడిపోయింది. ఒకరి కంప్యూటర్ మరొకరు ముట్టుకోవడం మా దగ్గర లేదు కాబట్టి ఎవరూ లేచి ఆపలేదు. నిజం చెప్పాలంటే ఎవరికీ ఆపబుద్ధి కాలేదు. హిల్కా వడ్డించిన సూప్ తిని పెరిగిన మనిషి సైలా. నిమిషం పైన అలా విన్నారు. తర్వాత అది ఆగిపోయింది.

తౌనో బయటికొచ్చేసరికి అతని గంట ముగిసింది. మూడో నంబరు ముఖం కడుక్కుని కార్డు నంబరు అడుగుతోంది. మళ్ళీ కూర్చోవాలంటే సైలాని ఇంకో గంట అడగాలి, ఆమె తన కళ్ళు చూస్తుంది. ఫైలు దిగింది కదా, పెన్‌డ్రైవ్ అందులోనే ఉంది కదా అనుకున్నాడు. దాన్ని పీకి జేబులో వేసుకుని, టోపీ పెట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా వెళ్ళిపోయాడు. వందలమందిని లాగి చూశావా అని అడిగిన మనిషి ఆ ఒక్క రోజు లాగి చూడలేదు.

ఇంటికి చేరి, బూట్లు విప్పి, టీవీకి పెన్‌డ్రైవ్ గుచ్చేసరికి నాలుగుంపావు. అందులో రెండే ఉన్నాయి. జనానికి నేర్పడానికి వాడే ఒక కుక్క ఫొటో, ఒక బస్సు వేళల పట్టిక. తీసి మళ్ళీ గుచ్చాడు. కుక్క, బస్సులు. రెండోసారి తీసి గుచ్చి చూసి, కుర్చీలో వెనక్కి వాలాడు. ఎక్కడ ఏం జరిగిందో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

శనివారం సమాధుల దగ్గరికి వెళ్ళాడు. దీపం వెలిగించి, గాలికి ఆరకుండా మూత పెట్టి, కాసేపు నిలబడ్డాడు. చుట్టూ ఊరంతా దీపాలే. చెప్పడానికి తన దగ్గర మళ్ళీ ఏమీ లేదు. టోపీ సర్దుకుని వచ్చేశాడు.

సోమవారం లైబ్రరీకి వెళ్ళి సైలాకి సంగతి చెప్పాడు. రెండు వాక్యాల్లో ముగించాడు. ఏ ఫైలు, ఎప్పటిది. సైలా ముఖం పాలిపోయింది. ఫోన్ తీసి ఆ రేడియో వాళ్ళకి చేసింది. అవతల ఒక పెద్దావిడ పలికింది.

"శుక్రవారం నాలుగింటికే ఆపేశాం. మిషన్ తుడిచి వెనక్కి ఇచ్చేశాం కూడా. టేపులు బూజు పట్టాయని వేసవిలోనే పారేశారు. మా దగ్గర ఇంకేం లేదమ్మా, ఏమనుకోకండి."

సైలా ఆ మాటే చెప్పింది. తౌనో, "సరే," అన్నాడు. బయటికెళ్తూ తలుపు మూసి, రెండుసార్లు లాగాడు.

మేం విన్నాం అని సైలా అప్పుడే చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. మా ఊరివాళ్ళ మర్యాద అలాంటిది. ఒకడి ప్యాంటు వెనకాల చిరిగి ఉంటే, అది పాతబడి వాడే కొత్తది కొనుక్కునేదాకా ఆగుతాం. ఒకడి భార్య వాడికి చెప్పిన మాట మా చెవిన పడిందని ఏ ముఖం పెట్టుకుని చెప్తాం? నస్రీన్‌కి మాత్రం ఇది మింగుడుపడలేదు.

"కాకాకి చెప్పొచ్చా?" అని మంగళవారం సైలాని అడిగింది.

"ఆయన అడిగితే చెప్పొచ్చు."

"మనం విన్నామని తెలియకుండా ఎలా అడుగుతాడు?"

సైలా పుస్తకాలు సర్దుకుంటూ వెళ్ళిపోయింది.

గురువారం మంచూ వానా కలిసి పడుతోంది. కంప్యూటర్ నేర్చుకోవడానికి ఒక్కరూ రాలేదు. తౌనో వచ్చాడు. రెండున్నరకి మూడో నంబరు ముందు కూర్చుని రెండు వేళ్ళతో టైపు చెయ్యడం మొదలుపెట్టాడు. గొంతు ఎలాగూ లేదు, గుర్తున్న మాటలైనా దాచుకుందామని. రెండు వందల అరవై పళ్ళేలు. పిల్లల వెనక దాక్కునే టీచర్లు. ఆమె నవ్విన చోట 'నవ్వింది' అని రాశాడు. చివరికి ఆ అబ్బాయి అడిగిన ప్రశ్న దాకా వచ్చాడు. దాని కింద ఏం రాయాలో తెలియదు. పది నిమిషాలు అలాగే కూర్చున్నాడు.

కాఫీకి లేచిన ఆర్మస్ అతని వెనక నుంచి నెమ్మదిగా నడిచాడు. తెర చూడనట్టు చూశాడు. తిరిగొచ్చి కుర్చీలో కూర్చుని, పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

"నాలుగు గంటల బస్సు," అన్నాడు పేపరు వెనక నుంచి.

"ఏంటి?"

"నాలుగు గంటల బస్సుకి వస్తానంది. దాని కింద అది రాయి."

"ఎవరు?"

"ఇంకెవరు? హిల్కా."

తౌనో కుర్చీ తిప్పాడు. "నీకెలా తెలుసు?"

"నీ చెవుల మీద ఆ డిప్పలున్నాయి చూడు, వాటి తీగ కింద వేలాడుతోందయ్యా ఆ రోజు. మొత్తం లైబ్రరీకి వినిపించి పోయావు."

"అందరూ విన్నారా?"

సైలా కౌంటరు వెనక నుంచి తల ఊపింది. ఐదో నంబరు దగ్గర నస్రీన్ కూడా ఊపింది.

"మరి చెప్పలేదేం?"

"నీ సొంత విషయం కదా," అన్నాడు ఆర్మస్.

"వారం రోజులు."

"ఆరు రోజులు."

తౌనో వాళ్ళ వైపు ఒకరి తర్వాత ఒకరిని చూశాడు. కోపం వచ్చిందో, సిగ్గేసిందో, ముఖంలో తెలియలేదు. కుర్చీ మళ్ళీ తెర వైపు తిప్పుకుని, రెండు వేళ్ళూ మీటల మీద పెట్టాడు.

"చెప్పు."

ఆర్మస్ పేపరు మడిచాడు. "'మా ఆయనకి చెప్పాలి, నాలుగు గంటల బస్సుకి వస్తాను, కాఫీ పెట్టి ఉంచమని.' అలా అంది."

తౌనో టైపు చేశాడు. కాఫీ దగ్గర అతని వేళ్ళు ఆగిపోయాయి. గుమ్మంలో బూట్లు విప్పుతున్న హిల్కా కనపడింది. పొయ్యి వైపు ఆమె చూసిన చూపు, ఖాళీ కెటిల్, నీళ్ళు పట్టిన చెయ్యి. గండం గడిచిందనుకున్నాడు తను. ఆమెకి గుమ్మంలోనే తెలిసిపోయింది.

"కాఫీ," అన్నాడు.

"అవును, కాఫీ," అన్నాడు ఆర్మస్.

"అంతేనా?"

సైలా, ఆర్మస్ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఇంకా ఉంది," అంది సైలా. "కానీ నాకు మాట పొల్లుపోకుండా గుర్తులేదు. తప్పు చెప్తే..."

"వినడు అంది. పైపు అంది."

"పైపు కాదు ఆర్మస్, తాళం."

"పైపే. నేను విన్నాను కదా."

నస్రీన్ లేచి, బ్యాగులోంచి తన నోటుబుక్కు తీసింది. "నేను రాసుకున్నాను, కాకా. ఇక్కడివాళ్ళు ఎవరైనా గబగబా మాట్లాడితే రాసుకుని, ఇంటికెళ్ళి చదువుకుంటాను. తప్పులుంటాయి."

"చదువు," అన్నాడు తౌనో. తెర వైపే చూస్తున్నాడు.

ఆమె వేలు పెట్టుకుని ఒక్కో మాటా చదివింది.

"'కానీ మా ఆయన వినడు. ఎక్కడో పైపో తాళమో పట్టుకుని ఉంటాడు. సాయంత్రం అడిగితే విన్నాను అంటాడు. అననీ. ఆయనకి అబద్ధం చేతకాదు, చెవులు ఎర్రగా అయిపోతాయి. అది చూడ్డం నాకిష్టం.' తర్వాత ఆవిడ నవ్వింది. నవ్వు ఎలా రాయాలో తెలియక వదిలేశాను."

తౌనో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. పైపో తాళమో. అననీ. చాలాసేపు పట్టింది. ఇష్టం దగ్గర ఒకసారి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఇరవయ్యేడేళ్ళు మోసిన బరువు ఆమెకి ఆ మధ్యాహ్నం నుంచే ఒక వేడుక. ఒక్కనాడూ బయటపడలేదు మనిషి. అతనికి ఏడుపూ నవ్వూ రెండూ వచ్చాయి, రెంటినీ లోపలే పెట్టుకున్నాడు.

"నిజంగా ఎర్రబడతాయా?" అని నస్రీన్ గుసగుసగా ఆర్మస్‌ని అడిగింది.

"అడగడం దేనికి? అటు చూడు," అన్నాడు ఆర్మస్.

ఆమె చూసింది. సైలా కూడా చూసింది. తౌనో చెవులు కొసల దాకా ఎర్రగా ఉన్నాయి. చూస్తున్నారని తెలిసి కూడా అతను టోపీ పెట్టుకోలేదు. చివర్లో 'నవ్వింది' అని రాసి, పెన్‌డ్రైవ్‌లో దాచి, పీకి జేబులో వేసుకుని లేచాడు.

"కాకా, లాగి చూశారా?" అంది నస్రీన్.

తౌనో మళ్ళీ కూర్చున్నాడు. గుచ్చాడు. కుక్క, బస్సులు, వాటి కింద మూడోది. తెరిచాడు. చివరి మాట దాకా ఉంది. తీసి, మళ్ళీ గుచ్చి, ఇంకోసారి తెరిచి చూశాడు. అప్పుడు కోటు అందుకున్నాడు. గడియారం మూడుంపావు చూపిస్తోంది.

"ఇంకా పావుగంట మీదే కదా, తౌనో," అంది సైలా. "కాఫీ తాగి వెళ్ళండి, పెట్టి ఉంచాను."

"లేదు, ఇంటికెళ్ళి పెట్టాలి," అన్నాడు తౌనో. "నాలుగింటికల్లా."